పాసంగం

సంతపేటలో మా అంగడి మెట్ల కింద.
నిలబడితే తల తగులుద్ది,
కూర్చునే ఇన్నేళ్ళూ గడిపాను.
రఫూ కాశింబీ అంటే ఎవురైనా చూపిస్తారు.

పెంచల నరసయ్య మిట్టమధ్యాన్నం వచ్చాడు.
ఉతికిన తువ్వాలులో జానెడు రేకుబద్ద,
దాని మీద పట్టు రిబ్బన్లు మూడు.
నాలుగోది ఉండాల్సిన చోట తెగిన దారం.
కింద నాలుగు కొక్కేలు,
నాలుగూ ఉత్తవే.

"జర్మనీ దొరదమ్మా. గూడూరులో అభ్రకం కొనేవాడు.
యుద్ధం మొదలైన వారానికే పోలీసోళ్ళు రైలెక్కించారంట.
మా తాత ఆయన గుమాస్తా, పెట్టె ఈయనకి అప్పజెప్పి పొయ్యాడు.
ఏ కొక్కేనికి ఏ పతకం ఉండిందో చెప్తావా?"

పతకాలు నాకేం తెలుసబ్బయ్యా,
గుడ్డ తెలుసు గానీ.

వెలుతురుకి పెట్టి చూశాను.
పట్టు ఎండకి వెలుస్తుంది.
దేని వెనకన్నా దాక్కున్న పట్టు వెలవదు.
మొదటి రిబ్బను నలుపు, అంచుల్లో తెల్లగీతలు.
ఆ నలుపంతా పాత చింతపండు రంగుకి తిరిగింది,
అడుగున ఒక్క ఆకారం మాత్రం ఇంకా కాటుక.
నాలుగు చేతులు, చివర్లు వెడల్పు.
శిలువ, అన్నాను.
ఆయన సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసి
"ఇనప శిలువ" అన్నాడు,
పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా.

రెండోది నలుపు, తెలుపు, నడుమ ఎరుపు.
అదీ శిలువే. చేతుల సందుల్లో ఏటవాలు గీరలు,
సన్నటి మొనలు ఏళ్ళ తరబడి రాసుకున్నట్టు.
"కత్తులుంటే ముందు వరసలో నిలబడినోడని"
వేలు పెట్టి చదివాడు.

మూడోది లేతనీలం. దాని మీద నీడే లేదు,
పైనుంచి కిందికి ఒకే తీరున వెలిసింది.
ఇది దొర చేతిలో ఉండగానే పొయ్యింది.
అమ్ముకున్నాడా, ఎవరికన్నా ఇచ్చాడా,
గుడ్డ అంతవరకు చెప్పదు.

నాలుగోదాని దారం మీద వేలు పెట్టాను.
కత్తెర కాదు. పన్ను.
కొస నలిగి చీలింది, నేనూ అట్నే కొరుకుతాను.
ఇది మీ ఇంటి ఆడమనిషి పని, అన్నాను.

కాసేపు మాట్లాడలా.
"మా మేనత్తకి పసుప్పచ్చ రిబ్బను ఉండేదంట.
బళ్ళో ఇంకెవరికీ లేదంట అట్టాంటిది."

అడుగు అస్తరు విప్పితే మెరిసే పొడి రాలింది,
సైదాపురం గని దుమ్ము.
ఆ రోజంతా నా మోకాళ్ళు మెరుస్తానే ఉన్నాయి.

"పుస్తకంలో ఇనప శిలువకి చుట్టూరా వెండి అంచంట"
అన్నాడు. అని ఆగాడు.
చెయ్యి తెలీకుండానే నడుం మీదికి పొయ్యింది.
"నా మొలతాడుకి వెండి బిళ్ళ ఉండేది.
నేను పుట్టినప్పుడు మా నాయనమ్మ చేయించింది."
మరి ఇనుము?
"ఇనుమా..."
లేచి, మెట్టుకి తల కొట్టుకుని, వెళ్ళిపొయ్యాడు.

తెల్లారి మొదటి బస్సుకే వచ్చాడు.
అంగడి తక్కెడ దండెకి ఒక పక్క కట్టిన ముక్క,
పురికొస ఇంకా దానికే ఉంది.
తాత కాలం నించీ పాసంగం అదే.
ఉప్పూ బెల్లం కందిపప్పూ
దాని మాట మీదే తూగాయి.
కింది చేతి మీద అంకెలు, పందొమ్మిది దాకా ఆనతాయి,
తక్కినవి అరిగినాయి.

కాటుక నీడ మీద పెట్టాను.
సరిపొయ్యింది. పూర్తిగా కాదు,
చుట్టూ వడ్లగింజ మందాన నల్లగీత మిగిలింది.
ఇద్దరం ఆ గీతనే చూస్తా కూర్చున్నాం.
ఆయన చొక్కా కింద నడుం తడుముకున్నాడు మళ్ళీ.

కొక్కేనికి కుట్టమంటావా?
కొత్త నకలు పతకాలు కూడా తెచ్చుకున్నాడు,
మద్రాసులో కొన్నవి, నిగనిగా మెరస్తా.
వాటిని సంచిలోంచి తియ్యనే లేదు.

చిమట కొట్టిన చిల్లులు మూడు రఫూ చేశాను.
అరవై రూపాయలు.
ఇనుముని పురికొసతో సహా జేబులో వేసుకున్నాడు.
"కరెంటు కాటా వచ్చింది కానీ
తక్కెడ దించలేదమ్మా ఇంకా.
రాత్రి నించీ ఒక పక్కకే వాలి ఉంది,
పోతా."